మందు, యాప్‌లు రెండూ ఉన్నా పుస్తకం ముందు కూర్చోలేకపోతున్నాను

పేరు, చదువుతున్న విశ్వవిద్యాలయం వివరాలు బయటపెట్టవద్దని కోరుతూ 20 ఏళ్ల విద్యార్థిని ఒకరు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. మొదటి సంవత్సరంలో తరగతిలో ముందు వరుసలో ఉన్న ఆమె, రెండో సంవత్సరం గణాంకశాస్త్రం పరీక్షలో ప్రశ్నపత్రం చూడగానే ఏమీ గుర్తురాక, దాదాపు అరగంట ఒక్క అక్షరమైనా రాయకుండా కూర్చుండిపోయారు. ఆ పరీక్ష ఎలాగో గట్టెక్కారు కానీ, అప్పటినుంచి పుస్తకం తెరిచినప్పుడల్లా గుండె దడదడలాడుతోందనీ, అరచేతులు చెమట పడుతున్నాయనీ, చదివిన వాక్యమే మళ్లీ మళ్లీ చదువుతున్నాననీ రాశారు. సెమినార్‌లో మాట్లాడాలంటే గొంతు వణుకుతోంది. అసైన్‌మెంట్లు గడువు దాటాక గానీ పూర్తికావడం లేదు.

మూడు వారాల క్రితం ఆమె మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్లారు. ఆయన సెర్ట్రలీన్ అనే మందును తక్కువ మోతాదుతో మొదలుపెట్టమన్నారు. మొదటి వారంలో కడుపులో వికారం, నిద్రలేమి, మునుపటికంటే ఎక్కువ అలజడి కలగడంతో ఆమె మధ్యలో కొన్నాళ్లు మానేసి, భయం వేసి మళ్లీ మొదలుపెట్టారు. ఈలోగా ఒక సెమినార్ రోజున గదిలో ఉండే స్నేహితురాలు తన దగ్గరున్న ప్రొప్రనలాల్ మాత్ర ఇచ్చింది. ఆ రోజు చేతులు వణకలేదు, గొంతు తడబడలేదు. రోజూ వేసుకునే మందు మానేసి, అవసరమైనప్పుడు ఈ మాత్ర ఒక్కటి వేసుకుంటే చాలదా అన్నది ఆమె మొదటి ప్రశ్న.

ఆమె ఫోన్, ల్యాప్‌టాప్‌ల సంగతి కూడా ఉత్తరంలో వివరంగానే ఉంది. విశ్వవిద్యాలయం పోర్టల్‌లో రికార్డు చేసిన పాఠాలన్నీ రెండేసి మూడేసి సార్లు చూశారు కానీ, ప్రతి పాఠం చివర ఉన్న క్విజ్ ఒక్కటీ తెరవలేదు, ఎందుకంటే క్విజ్ పూర్తికాగానే తరగతి సగటు పక్కన తన స్కోరు కనిపిస్తుంది. ఫ్లాష్ కార్డుల యాప్‌లో 1,100కు పైగా కార్డులు పేరుకుపోయాయి. వరుసగా ఎన్ని రోజులు చదివామో లెక్కపెట్టే యాప్ ఒకటి, మనసు ఎలా ఉందో రోజుకు నాలుగుసార్లు అడిగే యాప్ మరొకటి ఉన్నాయి. రాత్రిళ్లు ఏఐ చాట్‌ను తెరిచి ‘ఇంత చదివితే పాసవుతానా’ అని అడుగుతూ గంటలు గడుపుతున్నారు. మందు అలవాటైతే జీవితాంతం వదలదని అక్క, ముందు ఆ ఫోన్ పక్కన పెట్టమని నాన్న అంటున్నారు. మందునూ సాంకేతికతనూ కలిపి వాడటం సరైనదేనా, మందు వల్ల జ్ఞాపకశక్తి దెబ్బతింటుందా, మందు వేసుకుని తెచ్చుకున్న మార్కులు తనవే అవుతాయా అన్నవి ఆమె మిగతా ప్రశ్నలు. ఉత్తరం చివర్లో, మాటవరసకు అన్నట్టు, చిన్నప్పటినుంచి తనకు ఆస్తమా ఉందనీ, ఇప్పటికీ అప్పుడప్పుడు ఇన్హేలర్ వాడుతుంటాననీ ఒక్క వాక్యం రాశారు.

ఆ చివరి వాక్యం నుంచే నా సమాధానం మొదలుపెడతాను.

ఆస్తమా ఉన్నవారు ప్రొప్రనలాల్ వేసుకోకూడదు. ఈ మందు గుండె మీద అడ్రినలిన్ చూపే ప్రభావాన్ని అడ్డుకుంటుంది కాబట్టే దడ తగ్గుతుంది, చేతుల వణుకు ఆగుతుంది. అయితే అది గుండె దగ్గరే ఆగదు. ఊపిరితిత్తుల్లోని గాలి గొట్టాలను తెరిచి ఉంచే వ్యవస్థను కూడా అడ్డుకుంటుంది. అవి ముడుచుకుపోతే ఆస్తమా ఉన్న మనిషికి ఊపిరి ఆడకపోవచ్చు. పైగా అలాంటి సమయంలో మీరు ఆధారపడే ఇన్హేలర్ పనిచేసేది కూడా ఆ వ్యవస్థ మీదే కాబట్టి, దాని ప్రభావం కూడా తగ్గిపోతుంది. ఆ రోజు ఏమీ కాలేదు, సంతోషం. కానీ ఒకసారి ఏమీ కాలేదన్నది మరోసారికి హామీ కాదు. మీ స్నేహితురాలు మంచి మనసుతోనే ఇచ్చి ఉంటారు, అయితే ఆమె డాక్టర్ ఆ మాత్ర రాసింది ఆమె గుండె వేగాన్ని, రక్తపోటును, ఊపిరితిత్తుల పరిస్థితిని చూసి. దయచేసి ఆ మాత్ర మళ్లీ వేసుకోకండి. ఒకసారి వేసుకున్న సంగతి, ఆస్తమా సంగతి రెండూ మీ డాక్టర్‌కు చెప్పండి. ఆస్తమా గురించి ఆయనకు ఇంతవరకు చెప్పి ఉండకపోతే, ఫోన్ చేసే వీలుంటే, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా కూడా ఆగవద్దు.

ఇక సెర్ట్రలీన్. ఇది తలనొప్పి మాత్రలా వేసుకున్న గంటలో ఫలితం చూపే మందు కాదు. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం లభ్యతను అది మొదటి రోజునుంచే పెంచుతుంది కానీ, ఆందోళన తగ్గడమన్నది ఆ మార్పుకు మెదడు నెమ్మదిగా సర్దుకున్నాక జరిగేది. సాధారణంగా రెండు నుంచి ఆరు వారాలు, కొందరికి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. మొదటి రోజుల్లో వికారం, నిద్ర చెదరడం, అలజడి పెరగడం చాలామందికి కలిగేవే, ఎక్కువమందిలో ఒకటి రెండు వారాల్లో తగ్గిపోయేవే. మీకు జరిగిన అన్యాయం ఏమిటంటే, మంచి కంటే ముందు ఇబ్బంది వస్తుందని మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. భయానికి మందు వేసుకుంటే భయం పెరిగిందనిపించినప్పుడు మానేయాలనిపించడం సహజం. కానీ మధ్యలో మానేసి మళ్లీ మొదలుపెట్టారు కాబట్టి, క్యాలెండర్‌లో మూడు వారాలు గడిచినా మందు పరంగా మూడు వారాలు కాలేదు. అది పనిచేస్తుందో లేదో తేల్చే సమయం ఇంకా రాలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక మీరు తప్పక తెలుసుకోవాలి. ఈ రకం మందులు 25 ఏళ్లలోపు వారిలో కొద్దిమందికి, ముఖ్యంగా మొదలుపెట్టిన తొలి వారాల్లోనూ మోతాదు మార్చినప్పుడూ, చనిపోవాలన్న ఆలోచనలు కలిగించవచ్చని గుర్తించారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో పిల్లలకు, కౌమారంలో ఉన్నవారికి సంబంధించి ఇచ్చిన ఈ హెచ్చరికను 2007లో 24 ఏళ్ల వయసు వరకు విస్తరించింది. ఇది అరుదు, మందు వేసుకోవద్దని దీని అర్థం కాదు. కానీ మీ వయసు 20 కాబట్టి, మీకు దగ్గరగా ఉండే ఒకరికి, అక్కకో, గదిలో ఉండే స్నేహితురాలికో, ఈ సంగతి చెప్పి ఉంచండి. ఎన్నడూ లేనంత చిరాకు, కాలు ఒకచోట నిలవనంత అలజడి, బతకడం దండగ అన్న ఆలోచన కలిగితే, ఆ రాత్రే డాక్టర్‌నో అత్యవసర విభాగాన్నో సంప్రదించాలి. తెల్లారేదాకా చూద్దామనుకోకూడదు.

మీ పరీక్షలో జరిగిందేమిటో ఇప్పుడు చూద్దాం, ఎందుకంటే మందు దేనికి పనికొస్తుంది, యాప్ దేనికి పనికొస్తుంది అన్నది అక్కడే తేలుతుంది. పరీక్ష భయాన్ని పరిశోధించిన లీబర్ట్, మోరిస్ అనే మనస్తత్వవేత్తలు 1967లోనే దాన్ని రెండు పాయలుగా విడదీశారు: ఒకటి శరీరంలో కలిగే అలజడి, రెండోది మనసులో సాగే చింత. గుండెదడ, చెమట, వణుకు మొదటి పాయ. ‘ఇది నాకు రాదు, అందరూ రాసేస్తున్నారు, ఇంట్లో ఏం చెప్పను’ అన్న మాటలు రెండోది. మార్కుల మీద ఎక్కువ దెబ్బ వేసేది ఈ రెండోదేనని తర్వాతి పరిశోధనలు పదేపదే చూపించాయి. ఒక లెక్కను చేస్తూ మధ్యలోని అంకెలను కాసేపు పట్టి ఉంచుకునే చోటు మన మనసులో చాలా కొద్దిగానే ఉంటుంది. ఆ కొద్ది చోటులో చింత తిష్ఠవేస్తే లెక్కకు చోటుండదు. ఆ అరగంటలో మీరు చదివింది ఎక్కడికీ పోలేదు. దాన్ని బయటికి తీసుకొచ్చే దారి మూసుకుపోయిందంతే. పరీక్ష హాలు నుంచి బయటికొచ్చాక జవాబులు వాటంతటవే గుర్తొచ్చాయని మీరే రాశారు కదా.

ఇలా చూస్తే, ప్రొప్రనలాల్ మీకు సరిపడేదే అయినా, దానివల్ల మీకు దక్కేది మొదటి పాయలో ఉపశమనమే. సెమినార్‌లో గొంతు వణకకుండా చేయగలదు కానీ, రాత్రి పుస్తకం ముందు మొదలయ్యే చింతను ఆపలేదు. ఆస్తమా లేకపోయినా మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ‘చాలదు’ అనే ఉండేది. సెర్ట్రలీన్ లాంటివి రెండు పాయల మీదా నెమ్మదిగా పనిచేస్తాయి. మీరు అడగకపోయినా మరో రకం మందుల గురించి చెప్పాలి, ఎందుకంటే పరీక్షల ముందు ఎవరో ఒకరు మీ చేతిలో పెట్టే అవకాశం ఉంది: ఆల్ప్రజోలాం, క్లోనజెపాం వంటివి. ఇవి నిమిషాల్లోనో గంటలోనో మనసును నెమ్మదింపజేస్తాయి. కానీ మీరు భయపడుతున్న రెండు చెడులూ, అలవాటు పడటమూ జ్ఞాపకశక్తి మందగించడమూ, నిజంగా ఉన్నది ఈ రకంలోనే. ఈ మాత్ర వేసుకుని చదివింది మెదడులో సరిగా నాటుకోదు. కొన్ని వారాలపాటు రోజూ వాడితే ఒళ్లు దానికి అలవాటు పడుతుంది. వైద్యులు వీటిని కొన్ని సందర్భాల్లో కొద్ది కాలానికి రాస్తారు, అందులో తప్పు లేదు. సొంతంగా వేసుకోవడం మాత్రం వద్దు.

మీ అక్క భయం కూడా ఈ రెండు రకాల మందులు ఒకటే అనుకోవడం వల్ల కలిగిందేనని నా అనుమానం. సెర్ట్రలీన్‌కు మత్తుమందులా ఇంకా కావాలి, ఇంకా కావాలి అనిపించే గుణం లేదు. అయితే ఉన్నపళంగా ఆపేస్తే కళ్లు తిరగడం, చిరాకు, తలలో కరెంటు కొట్టినట్టుండటం వంటివి కొందరికి వస్తాయి కాబట్టి డాక్టర్ పర్యవేక్షణలో క్రమంగా తగ్గిస్తూ మానాలి. కుదుటపడ్డాక కూడా సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది వరకు కొనసాగించమంటారు, ఆ తర్వాత చాలామంది మానేయగలుగుతారు. జ్ఞాపకశక్తిని అది దెబ్బతీస్తుందన్న భయం మీకు అక్కర్లేదు. కొందరికి మొదట్లో కాస్త మగతగానో మందకొడిగానో అనిపించవచ్చు. అలా ఉంటే వేసుకునే వేళ మార్చడం గురించి డాక్టర్‌ను అడగవచ్చు. మీ జ్ఞాపకానికి ఇప్పుడు పెద్ద శత్రువులు చింతా, నిద్రలేమీనే.

ఇక నాన్నగారి మాట. ఫోన్ పక్కన పెట్టమనడంలో కొంత నిజముంది, అయితే ఏది పక్కన పెట్టాలి, ఏది దగ్గర ఉంచుకోవాలి అన్నది విడదీసి చూడాలి. మీరు రాసిన ఒక సాయంత్రాన్నే తీసుకుందాం. పాఠం వీడియో పెట్టారు. ఒకచోట అర్థంకాక పది సెకన్లు వెనక్కి వెళ్లారు, మళ్లీ వెళ్లారు, మొత్తం మళ్లీ మొదటినుంచి చూశారు. చివరికి ‘క్విజ్ ప్రారంభించండి’ అన్న నీలం బటన్ తెర మీదికి వచ్చింది. దాన్ని చూడగానే కడుపులో తిప్పింది, వెంటనే మరో వీడియో తెరిచారు, తిప్పడం ఆగింది. జరిగిందంతా ఆ ఒక్క క్షణంలో ఉంది. బటన్ నుంచి తప్పుకోగానే ఉపశమనం కలిగింది కాబట్టి, తప్పుకోవడమే మంచిదని మీ మెదడు మరోసారి నేర్చుకుంది. మీరు రోజుకు ఆరు గంటలు చదువుతున్నాననుకుంటున్నారు. నిజానికి అందులో ఎక్కువ భాగం భయపడే చోటికి వెళ్లకుండా ఉండటానికి పడుతున్న శ్రమ. మీరు సోమరి కారని ఈ శ్రమే చెబుతోంది. గట్టున కూర్చుని ఎన్ని గంటలు చూసినా ఈత రాదన్నంత వరకే నా ఫిర్యాదు.

దీనికి గట్టి ఆధారాలే ఉన్నాయి. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వవేత్తలు విశ్వవిద్యాలయ విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి, కొందరిని మళ్లీ మళ్లీ చదవమన్నారు, మరికొందరిని పాఠం మూసేసి గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవారే మెరుగ్గా రాశారు. వారం తర్వాత పెడితే మాత్రం గుర్తుతెచ్చుకుని రాసినవారు వారిని దాటిపోయారు. విచిత్రమేమిటంటే, తమకు బాగా గుర్తుంటుందని ధీమాగా చెప్పినవారు మళ్లీ మళ్లీ చదివినవారే. మీకు ఇంకా దగ్గరైన ప్రయోగం 2016లో జరిగింది. కొన్ని మాటలు, బొమ్మలు నేర్పాక ఒక రోజు గడిచిన తర్వాత, పాల్గొన్నవారిని ఇతరుల ముందు నిలబెట్టి, అప్పటికప్పుడు ప్రసంగించమనీ లెక్కలు చేయమనీ ఒత్తిడికి గురిచేసి, నేర్చుకున్నవాటిని అడిగారు. మళ్లీ మళ్లీ చూసి నేర్చుకున్నవారి జ్ఞాపకం ఆ ఒత్తిడిలో దెబ్బతింది. చూడకుండా గుర్తుతెచ్చుకుంటూ నేర్చుకున్నవారి జ్ఞాపకం చెక్కుచెదరలేదు. మీరు ఇంతవరకు తెరవని ఆ క్విజ్‌లు ఉన్నది సరిగ్గా ఇందుకే.

కాబట్టి సాంకేతికత విషయంలో నేను వాడే కొలబద్ద ఒక్కటే: ఈ యాప్ నన్ను భయపడే పనికి దగ్గర చేస్తోందా, దూరం చేస్తోందా? ఈ లెక్కన పోర్టల్‌లోని క్విజ్‌లను ఉంచుకోవాలి. తరగతి సగటు కనిపించకుండా చేసే ఏర్పాటు చాలా పోర్టళ్లలో ఉపాధ్యాయుల చేతిలో ఉంటుంది. ఎన్నిసార్లయినా రాసేలా, మార్కులు లెక్కకు రాకుండా సాధన కోసం తెరిచి ఉంచమని మీ అధ్యాపకులను అడగవచ్చు. వారు ఒప్పుకోకపోతే ప్రశ్నలను కాగితం మీద ఎక్కించుకుని, పోర్టల్ మూసేసి రాయండి. మొదట పాఠం చూడకముందే ఐదు ప్రశ్నలు రాయడం, తప్పులు చేయడం, ఆ తప్పులను కళ్లారా చూడటం, ఇవన్నీ మొదటి రోజుల్లో కష్టంగానే ఉంటాయి. మళ్లీ మళ్లీ అదే పనికి వెళ్తుంటే కడుపులో తిప్పడం దానంతటదే తగ్గుతుంది. ఇది అలవాటయ్యాక గడియారం పెట్టుకుని రాయండి, ఆ తర్వాత లైబ్రరీలో నలుగురి మధ్య కూర్చుని రాయండి. పరీక్ష హాలుకు మెట్టు మెట్టుగా దగ్గరవుతారు.

ఫ్లాష్ కార్డులు మంచి పద్ధతే, ఒక్కో అంశాన్ని మరిచిపోబోయే ముందు మళ్లీ అడగడం వాటి బలం. కానీ 1,100 అన్న ఆ ఎర్ర అంకె మీకు రోజూ పొద్దున్నే కనిపించే తిట్టుగా మారింది. పాత కార్డులన్నీ ఒకేసారి పక్కన పెట్టేయండి, అవి పోవు. ఈ సెమిస్టర్‌లోని ఒక్క సబ్జెక్టుకు రోజుకు కొన్ని కొత్త కార్డులు, మొత్తం 30కి మించకుండా పరిమితి పెట్టండి. వరుస రోజుల లెక్క చూపే యాప్‌ను తీసేయమనే నా సలహా. ఒక్క రోజు తప్పితే అంతా పోయిందనిపించే లెక్క ఆందోళన ఉన్న మనిషికి మేలు చేయదు. మనసు ఎలా ఉందని రోజుకు నాలుగుసార్లు అడిగే యాప్ కూడా అంతే. గుండె మీద చేయి వేసుకుని ‘కొట్టుకుంటోందా’ అని పదేపదే చూసుకునేవారికి అది కొట్టుకుంటూనే వినిపిస్తుంది. దాని బదులు, ఆందోళన ఎంత ఉందో కొలిచే జీఏడీ-7 అనే ఏడు ప్రశ్నల పట్టికను వారానికొకసారి, ఒకే రోజున, నింపి ఆ అంకె రాసుకోండి. 0 నుంచి 21 వరకు ఉండే ఆ స్కోరులో 10, ఆ పైన ఉంటే వైద్యులు శ్రద్ధగా పరిశీలిస్తారు. మందు పనిచేస్తోందా లేదా అన్నది మీ డాక్టర్‌కు ఆ ఐదారు అంకెలే చెబుతాయి.

ఏఐ చాట్ సంగతి కాస్త ఆగి చెప్పాలి. ‘పాసవుతానా’ అని అడిగితే అది ‘తప్పకుండా’ అంటుంది. పది నిమిషాలు మనసు తేలికపడుతుంది, మళ్లీ అడగాలనిపిస్తుంది. ఇలా పదేపదే హామీ అడగడం ఆందోళనను పెంచి పోషిస్తుందని మనస్తత్వవేత్తలకు బాగా తెలుసు, అడిగేది మనిషినైనా యంత్రాన్నైనా. అదే పరికరాన్ని ‘ఈ అధ్యాయం మీద నన్ను ఒక్కో ప్రశ్న అడుగు, జవాబు నేను రాశాకే తప్పొప్పులు చెప్పు’ అని అడిగితే, అది మీరు తప్పించుకుంటున్న పనికే మిమ్మల్ని దగ్గర చేస్తుంది. అది చెప్పే జవాబుల్లో కూడా తప్పులుండవచ్చు కాబట్టి పాఠ్యపుస్తకంతో సరిచూసుకోండి. మందుల మోతాదు మాత్రం దాన్ని అడగవద్దు. రాత్రి పదకొండు దాటాక దాన్ని తెరవకపోతే నిద్రకు కూడా మేలు.

మందు, సాంకేతికత కలిస్తే మేలు రెట్టింపవుతుందా అని అడిగారు. మందుతోపాటు చికిత్స కలిస్తే మేలన్నదానికి బలమైన ఆధారం ఉంది. ఆందోళన ఉన్న 7 నుంచి 17 ఏళ్ల పిల్లలపై 2008లో వెలువడిన పెద్ద పరిశోధనలో 12 వారాల తర్వాత సెర్ట్రలీన్ ఒక్కటే వేసుకున్నవారిలో 55 శాతం, ఆలోచనా ప్రవర్తనా చికిత్స (భయం పుట్టించే ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పేది) ఒక్కటే తీసుకున్నవారిలో 60 శాతం, రెండూ కలిపి తీసుకున్నవారిలో 81 శాతం మెరుగయ్యారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో ఇది 24 శాతం. వారు మీకంటే చిన్నవారు, అక్కడ కలిపింది శిక్షణ పొందిన మనిషి చేసిన చికిత్సను. యాప్‌ను ఆ చికిత్సకు బదులుగా లెక్కపెట్టి 81 శాతాన్ని ఆశించకూడదు. కానీ ఆ చికిత్సలో ముఖ్యమైన పని, భయపడే దానికి కొద్దికొద్దిగా ఎదురెళ్లడం, క్విజ్‌ల ద్వారా మీరు సొంతంగా చేయగలిగినదే. కౌన్సెలర్ ఒకరు వెనక ఉండి నడిపిస్తే ఇంటర్నెట్ ద్వారా ఇచ్చే చికిత్స కూడా చాలామందికి పనిచేస్తుంది. ఎవరూ వెనక లేకుండా ఒంటరిగా చేసేవారిలో మధ్యలో వదిలేసేవారు ఎక్కువ.

ఈ రెండూ కలిసే చోట ఒక మెలిక ఉంది. నా దృష్టిలో మీ ఉత్తరానికంతటికీ కీలకం అదే. 2008లోనే ఇరుకు గదులంటే భయపడేవారిపై మరో ప్రయోగం చేశారు. వారిలో కొందరికి ఏ ప్రభావమూ లేని మాత్ర ఇచ్చి, ఇరుకు చోట ఉండటం సాధన చేయించి, భయం తగ్గించారు. ఆ తర్వాత మాత్ర వేసుకున్నవారిలో ఒక బృందానికి మాత్రం ‘మీరు వేసుకున్నది మనసును నెమ్మదింపజేసే మూలిక, అందుకే తేలికైంది’ అని చెప్పారు. వారం తర్వాత చూస్తే భయం తిరిగివచ్చింది ప్రధానంగా ఆ బృందంలోనే. మాత్ర వేసుకున్నవారంతా సాధన ఒకేలా చేశారు, తేడా అంతా ఆ ఘనత దేనికి ఇచ్చారన్నదాంట్లో ఉంది. సెమినార్ తర్వాత ‘మాత్ర మాట్లాడింది, నేను కాదు’ అని మీరు రాసిన వాక్యం చదివినప్పుడు నాకు ఈ ప్రయోగమే గుర్తొచ్చింది. ఆ సెమినార్‌కు స్లైడ్లు తయారుచేసింది మీరు, అడిగిన ప్రశ్నలకు జవాబిచ్చింది మీరు. మందు గణాంకశాస్త్రం నేర్పదు. చింత ఆక్రమించిన చోటును కాస్త ఖాళీ చేస్తుంది. ఆ చోటులో చేసే లెక్క మీదే, వచ్చే మార్కులు మీవే. అందుకే ప్రతి క్విజ్ తర్వాత స్కోరు పక్కన, ఆ రోజు భయం ఉండి కూడా మీరు ఏం చేశారో ఒక వాక్యం రాయమంటున్నాను. మందు తగ్గించే రోజు వచ్చినప్పుడు ఆ వాక్యాలు మీకు పనికొస్తాయి.

మీ ముందున్న దారులను ఇప్పుడు చూద్దాం. డాక్టర్ చెప్పినట్టు సెర్ట్రలీన్‌ను విడవకుండా మరో నాలుగు నుంచి ఆరు వారాలు వేసుకుంటూ, పైన చెప్పినట్టు యాప్‌లను కుదించి, రోజూ క్విజ్ సాధన చేయడం ఒక దారి. ఇందులో మొదటి వారాల ఇబ్బంది భరించాలి, ఫలితం పరీక్షల సమయానికి అందకపోవచ్చు కూడా. కానీ మందు పనిచేస్తుందో లేదో నిజంగా తెలుస్తుంది. మందు వద్దనిపిస్తే, డాక్టర్‌తో మాట్లాడి క్రమంగా మానేసి, కౌన్సెలర్ దగ్గర ఆలోచనా ప్రవర్తనా చికిత్స మొదలుపెట్టడం మరో దారి. మీ స్థాయి ఆందోళనకు ఇది కూడా సమానంగా గౌరవించదగిన చికిత్సే. అయితే వారం వారం వెళ్లాలి, ఇచ్చిన పని చేయాలి, పుస్తకం ముందే కూర్చోలేని స్థితిలో ఆ పని చేయడం కొందరికి మొదట్లో కష్టమవుతుంది. అలాంటప్పుడు రెండూ కలిపి మొదలుపెట్టడం తేలిక.

ఇప్పుడు నడుస్తున్నట్టే, మందు కొన్నాళ్లు వేసుకుని కొన్నాళ్లు మాని, మిగతాది యాప్‌ల మీద వదిలేయడం కూడా ఒక దారే, కానీ అందులో మందు వల్ల కలిగే ఇబ్బందులన్నీ వస్తాయి, మేలు మాత్రం రాదు. ఈ సెమిస్టర్‌లో ఒక సబ్జెక్టును వాయిదా వేసుకోవడం గురించి మీరు సగం వాక్యంలో రాసి కొట్టేశారు. దాన్ని అవమానంగా చూడనక్కర్లేదు. గణాంకశాస్త్రాన్ని పూర్తిగా వదిలేస్తే భయం బలపడే అవకాశం ఉంది కాబట్టి, వాయిదా వేయాల్సి వస్తే మరో సబ్జెక్టును వేసి, దీన్ని ఉంచుకోమంటాను. పరీక్షకు అదనపు సమయం, విడిగా గది వంటి వెసులుబాట్లు మీ విశ్వవిద్యాలయంలో ఉన్నాయేమో విద్యార్థి సహాయ విభాగంలో కనుక్కోండి. డాక్టర్ ఇచ్చే పత్రంలో ‘ఆరోగ్య కారణాల వల్ల’ అని ఉంటే చాలా చోట్ల సరిపోతుంది. మందు పేరు, జబ్బు పేరు అధ్యాపకులందరికీ చెప్పవలసిన అవసరం ఉండదు. వెసులుబాటు తీసుకుంటే సాధన సులువుగా మొదలవుతుంది, కానీ సాధన మొదలుపెట్టకుండా వెసులుబాటు ఒక్కటే తీసుకుంటే మరుసటి సెమిస్టర్‌లో ఇదే ఉత్తరం మళ్లీ రాయవలసివస్తుంది.

నాకు ఎంచుకోమంటే మొదటి దారినే ఎంచుకుంటాను, వీలైతే కౌన్సెలర్‌ను కూడా కలుపుకుని. అయితే మొదటి వారపు అలజడి ఎంత తీవ్రంగా ఉండేదో, మళ్లీ మొదలుపెట్టాక అది తగ్గిందో పెరిగిందో నాకు తెలియదు, మీ డాక్టర్‌కు తెలియాలి. అది భరించలేనంతగా ఉంటే మోతాదు మార్చడమో మరో మందు చూడటమో ఆయన చేయగలరు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, కాఫీ లాంటివి ఎక్కువైనా ఇలాంటి గుండెదడే వస్తుంది కాబట్టి, రాత్రి మేలుకోవడానికి ఏం తాగుతున్నారో కూడా చెప్పండి. రక్తపరీక్ష అవసరమా అని అడగండి.

ఆయన దగ్గరకు వెళ్లేటప్పుడు ఒక కాగితం తీసుకెళ్లండి. మందు ఏ ఏ రోజుల్లో వేసుకున్నారో, ఏ ఏ రోజుల్లో మానేశారో దాచకుండా రాయండి. ప్రొప్రనలాల్ ఒకసారి వేసుకున్నట్టు, ఆస్తమా ఉన్నట్టు, వాడే ఇన్హేలర్ పేరుతో సహా రాయండి. నిద్ర ఎన్ని గంటలో, ఈ వారం జీఏడీ-7 అంకె ఎంతో రాయండి. వీలైతే మీ అక్కను వెంట తీసుకెళ్లి, మందు జీవితాంతం వదలదా అన్న ప్రశ్న ఆమెనే ఆయన్ను అడగనివ్వండి. నాన్నగారికి మాత్రం ఫోన్‌లోంచి ఏవి తీసేశారో, ఏది ఎందుకు ఉంచారో మీరే చూపించండి. ఆ క్విజ్ పేజీ తెరిచి, తప్పులు వచ్చిన మొదటి ప్రయత్నాన్నే చూపించినా ఫర్వాలేదు. ఆరు వారాల తర్వాత ఎలా ఉందో రాయండి, మెరుగైనా కాకపోయినా.